పొనికి సిపాయిల దండు

బొమ్మలకు మన ఇళ్ళల్లో సాధారణంగా రెండే గతులు. పసివాళ్ళ చేతిలో పడితే నెల తిరక్కుండా కాళ్ళూ చేతులూ పోగొట్టుకుని అటక ఎక్కుతాయి. కాస్త ఖరీదైనవైతే అద్దాల బీరువాలో చేరి, "ముట్టకు, విరుగుతుంది" అన్న మాట వింటూ ఏళ్ళ తరబడి అక్కడే వుండిపోతాయి. వచ్చిన చుట్టాలు చూచి బాగున్నాయంటారు. దుమ్ము దులిపేవాళ్ళు విసుక్కుంటారు. అంతే.

మూడో గతి కూడా ఒకటి వుంది. బొమ్మల్ని పోగుచేసి, వాటికి స్వయంగా రంగులు వేసి, బల్ల మీద రెండు దండులుగా నిలబెట్టి, కొలబద్దా పాచికా చేతబట్టి, కట్టుదిట్టమైన నియమాలతో యుద్ధం ఆడటం. పిల్లలు కూడా ఆడదగిన పెద్దల ఆట ఇది. పాశ్చాత్య దేశాలలో దీనికోసం ప్రత్యేకంగా దుకాణాలున్నాయి, పత్రికలున్నాయి, వారం వారం కలుసుకుని ఆడుకునే బృందాలున్నాయి. అవేవీ మన వీధిలో లేవే అని దిగులుపడనక్కరలేదు. ఈ ఆటకు అన్నిటికన్న ముఖ్యమైన సరుకు మెత్తని కర్ర, దానికి రూపం తెచ్చే పనితనం. అవి రెండూ మన ఉత్తర తెలంగాణాలో తరతరాలుగా వున్నవే.

అసలు ఈ ఆట వంశవృక్షం తిరగేస్తే మొదలు మన దేశంలోనే తేలుతుంది. చతురంగం అంటే నాలుగు అంగాలు: ఏనుగులు, గుర్రాలు, రథాలు, కాల్బలం. ఆ ఆట పారశీకుల, అరబ్బుల చేతుల మీదుగా ఐరోపా చేరింది. 1780లో జర్మనీలోని బ్రన్స్‌విక్‌లో హెల్విగ్ అనే గణితశాస్త్రజ్ఞుడికి అరవై నాలుగు గళ్ళు ఇరుకనిపించాయి. వందల గళ్ళ పటం మీద రకరకాల నేలలు రంగులతో చూపించి, చదరంగాన్ని యుద్ధం ఆటగా పెంచాడు. తరువాత ప్రష్యాలో రైస్‌విట్జ్ అనే తండ్రీకొడుకులు గళ్ళను బొత్తిగా తీసేశారు. కొలబద్దతో కొలిచి కదపటం, పాచిక వేసి దెబ్బ తేల్చటం వాళ్ళు తెచ్చినవే. 1824లో కొడుకు అచ్చువేసిన నియమాలు ప్రష్యా సైన్యంలో అధికారుల శిక్షణకు పనికివచ్చాయి.

సైన్యం చేతిలోని ఆటను ఇంటి చావడిలోకి తెచ్చినవాడు ఇంగ్లీషు రచయిత హెచ్. జి. వెల్స్. 1893 నుంచీ లండన్‌లో బ్రిటెన్స్ అనే కంపెనీ లోపల డొల్లగా వుండే సీసపు సిపాయి బొమ్మలు పోతపోసి చవకగా అమ్ముతూ వచ్చింది. వాటిని నేలమీద పరిచి, స్ప్రింగు ఫిరంగితో చిన్న కర్రముక్కలు పేల్చి, పడిన బొమ్మ పోయినట్టుగా లెక్కించే ఆటను వెల్స్ 1913లో "లిటిల్ వార్స్" అనే పుస్తకంగా వెలువరించాడు. 1962లో డొనాల్డ్ ఫెదర్‌స్టోన్ అనే ఆయన "వార్ గేమ్స్" అని పుస్తకం రాయటంతో ఇంకా చాలా ఇళ్ళకు పాకింది. 1983లో ఇంగ్లండులోనే "వార్‌హామర్" అనే ఆట వచ్చి, చరిత్రలోని సిపాయిల పక్కన రాక్షసులనూ మరుగుజ్జులనూ కూడా నిలబెట్టింది.

ఇదంతా మనకు కొత్త అనుకోకండి. గుడి మండపాలలో రాతి అరుగుల మీద గీసివున్న పులిజూదం గళ్ళు మీలో చాలామంది చూచివుంటారు. పులులు మూడో నాలుగో; మేకలు పదిహేను. పులికి ఎగిరి చంపే బలం వుంది, మేకకు లేదు. అయినా మేకలు ఒక్కటై కదిలితే పులికి అడుగు వేసే చోటు వుండదు. ఇరుపక్షాలకూ బలం వేరు, కోరే ఫలితం వేరు. చదరంగంలో లేనిదీ, యుద్ధం ఆటకు ప్రాణమైనదీ ఈ తేడాయే. పులిజూదం ఆడటం వచ్చినవాడికి ఈ ఆట సగం వచ్చినట్టే.

నిర్మల్ దారిలో

మేము కరీంనగర్ వాళ్ళం. ఇక్కడినుంచి జగిత్యాల, మెట్‌పల్లి, ఆర్మూరు మీదుగా వెళ్ళి, సోన్ దగ్గర గోదావరి దాటితే నిర్మల్ వస్తుంది. 2016 అక్టోబరు దాకా అది ఆదిలాబాదు జిల్లాలోని ఊరు. ఇప్పుడు తానే ఒక జిల్లాకు ముఖ్యపట్టణం. పూర్వం ఈ ప్రాంతాన్ని ఏలిన నిమ్మనాయుడి పేరు మీదే ఊరికి ఆ పేరు వచ్చిందంటారు.

ఆ ఊళ్ళో ఒక చిత్రమైన పొత్తు కనిపిస్తుంది. నిజాముల కాలంలో నిర్మల్‌లో ఫిరంగులు పోతపోసే కార్ఖానా వుండేది. గోదావరికి ఇవతల నిజామాబాదు వైపు వున్న కోనసముద్రం ఉక్కు కత్తులకు పేరుపడి, పారశీక వర్తకులను అంతదూరం నుంచి రప్పించుకుంది. ఇంత ఆయుధాల గడ్డ మీద నకాషీ పనివాళ్ళు కూర్చుని, కర్రతో జామపళ్ళూ సీతాఫలాలూ చిలకలూ లేళ్ళూ చేస్తూ వచ్చారు. ఫిరంగుల కార్ఖానా ఏనాడో మూతబడింది. బొమ్మల పని నిలిచింది. 1955లో పనివాళ్ళంతా ఒక సహకార సంఘంగా ఏర్పడ్డారు. నిర్మల్ బొమ్మకు భౌగోళిక గుర్తింపు కూడా లభించింది.

బొమ్మకు వాడేది పొనికి కర్ర. చేతిలోకి తీసుకుంటే బెండులాగా తేలిక. ఉలి పెడితే వెన్నలాగా దిగుతుంది. బాగా ఆరిన కర్రను చెక్కి, తల, కాళ్ళు, కొమ్ములు విడివిడిగా చేసి అతుకుతారు. చింతగింజలు నానబెట్టి, ఉడికించి, రుబ్బిన జిగురులో రంపపు పొట్టు కలిపితే అదే అతుకు, అదే పూత. సందులన్నీ దానితో పూడ్చి, ఆరనిచ్చి, గరుకు కాగితంతో రుద్ది, తెల్లసుద్ద పూసి, ఆపైన రంగులు వేస్తారు. పూర్వం ఆకులు, రాళ్ళనుంచి తీసిన రంగులు వాడేవారు. ఇప్పుడు ఎక్కువగా ఎనామెలు రంగులే.

ఇక్కడొక మాట చెప్పాలి. అడవులలో పొనికి చెట్టు తరిగిపోతున్నది. నరికినంత వేగంగా అది పెరగదు. కర్ర దొరక్కపోతే ఉలికి పనిలేదు, ఉలికి పనిలేకపోతే కొడుకు తండ్రి పక్కన కూర్చోడు. అందుచేత నిర్మల్ వెళ్ళినవారు ఏనుగునో గుర్రాన్నో కొనేటప్పుడు, కూరగాయల దగ్గర చేసినట్టు బేరం చెయ్యవద్దని నా మనవి.

దండు కూర్చటం

మొదటిసారే వంద బొమ్మలు కావాలని బయలుదేరినవాళ్ళు పది పూర్తిచేసి ఆపేస్తారు. ఒక్కొక్క పక్షానికి పన్నెండుగురు కాల్బలం, నాలుగు గుర్రాలు, ఒక ఏనుగు, ఒక ఫిరంగి. ఇంతటితో మొదలుపెట్టండి. రెండు పక్షాలకూ కలిపి ముప్ఫయి ఆరు అవుతాయి. నాలుగైదు ఆదివారాల పని.

కొలత మొదటే తేల్చుకోవాలి. సీసపు బొమ్మలలో పాతకాలపు ప్రసిద్ధమైన కొలత 54 మిల్లీమీటర్లు, అంటే రెండంగుళాల పైచిలుకు. ఇప్పటి విదేశీ ఆటలకు అమ్మే బొమ్మలు ఎక్కువగా 28 మిల్లీమీటర్లవి. అంగుళం పైన కొంచెం. చిన్నవి బల్లమీద ముచ్చటగా వుంటాయిగాని, కళ్ళకు శ్రమ, జేబుకు భారం. కొత్తవాళ్ళకూ పిల్లల వేళ్ళకూ రెండంగుళాల బొమ్మే హాయి. ఒక కొలతలో మొదలుపెట్టి మరొక కొలతవి కలిపితే మాత్రం తండ్రి పక్కన కొడుకు నిలబడ్డట్టుంటుంది, దండులాగా వుండదు.

ఏనుగులూ గుర్రాలూ కొనుక్కోవచ్చు. సిపాయిలను ఇంట్లోనే చెయ్యవచ్చు. నేల తుడిచే కట్టె పాతదైతే రంపంతో రెండంగుళాల ముక్కలు కొయ్యండి. ఒక కొనను గరుకు కాగితంతో గుండ్రంగా రుద్దితే తల. దానికింద సన్నని గాడి కోస్తే మెడ. ముతక నూలుదారం జిగురులో ముంచి తలకు నాలుగు చుట్లు చుడితే తలపాగా. అగరుబత్తి పుల్ల ఈటె. అట్టముక్క డాలు. చేతులు చెక్కటం రాకపోతే పక్కలకు పొనికి పేళ్ళు అతికించండి. రంగు పడ్డాక చేతులుగానే కనిపిస్తాయి. అడుగున గుండ్రని అట్టబిళ్ళ అంటించి, దానికింద ఇనుప వాషరు అతికిస్తే గాలికి పడిపోకుండా నిలుస్తాడు. రంపం, ఉలి పెద్దవాళ్ళ చేతిలోనే వుండాలి. పాత సీసపు బొమ్మలు ఎక్కడైనా దొరికితే మటుకు పసివాళ్ళకు ఇవ్వకండి. సీసం విషం, నోట్లో పెట్టుకుంటే ప్రమాదం.

రంగులు

ముందు సుద్దపొడిని చింతగింజల జిగురులో కలిపి ఒక పూత వెయ్యండి. ఉత్త నీళ్ళలో కలిపిన సుద్ద ఆరాక పొట్టు రాలుతుంది. తరువాత నీళ్ళతో కలిసే ఆక్రిలిక్ రంగులు చాలు. వాసన వుండదు, త్వరగా ఆరతాయి. చిక్కగా ఒక్కసారి పూస్తే ముఖం కప్పుకుపోతుంది. పలచగా రెండుసార్లు పూస్తే కళ్ళూ ముక్కూ నిలుస్తాయి. ముందు ఒంటిరంగు, తరువాత అంగీ, తరువాత నడుంపట్టీ, చివరికి ఆయుధం. లోపలినుంచి బయటికి, మనిషి బట్టలు తొడుక్కునే వరుసే.

అన్నీ ఆరాక ఒక కిటుకు. గోధుమరంగును నీళ్ళలో బాగా పలచన చేసి బొమ్మంతా ఒకసారి తడపండి. ఆ నీళ్ళు మడతల్లోకి, మెడకిందికి, తలపాగా చుట్లలోకి దిగి అక్కడే ఆరతాయి. అవే నీడలు. తరువాత మొదటి రంగులో కాస్త తెలుపు కలిపి, ఎత్తుగా వున్న చోట్ల, అంటే భుజాల మీద, ముక్కు మీద, చుట్ల అంచుల మీద తేలిగ్గా తాకించండి. దీపం వెలిగించినట్టు బొమ్మ లేచి నిలబడుతుంది. ఆపైన వార్నిష్ పూత.

కుంచెలు రెండు చాలు, రెండో నంబరుదొకటి, సున్నా నంబరుదొకటి. రంగు కుంచె వెంట్రుకల సగానికి మించి ఎక్కకూడదు. రేకులోకి పోయి ఆరిందంటే కొన విచ్చుకుని చీపురవుతుంది. పని అయ్యాక కడిగి, వేళ్ళతో కొన తీర్చి పెట్టాలి. మా ఇంట్లో కుంచెల పెత్తనం మా అమ్మాయిది. ఆమె అనుమతి లేకుండా నేను కూడా ముట్టను.

కోట, నేల

యుద్ధానికి చోటు కావాలి. ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు వుంటే బ్రహ్మాండం. పాత ఆకుపచ్చ దుప్పటి పరిచి, కింద పుస్తకాలు పెడితే గుట్టలు. నీలంగుడ్డ పీలిక మానేరు. గరుకు కాగితం చీలిక బాట. ఎండిన తులసికొమ్మలు మట్టిముద్దలో గుచ్చితే చెట్లు.

కోటలకు మన దగ్గర కరువు లేదు. కరీంనగర్‌కు సమీపంలోనే మానేరు ఒడ్డున ఎలగందల కోట; 1905 దాకా జిల్లా పేరూ ఎలగందలే. మేము మాత్రం అట్టలతో జగిత్యాల కోటను చేశాం. పద్ధెనిమిదో శతాబ్దంలో ఫ్రెంచివారి పద్ధతిలో కట్టిన కోట అని చెబుతారు. నక్షత్రం ఆకారం, చుట్టూ అగడ్త. నక్షత్రం అందం కోసం అనుకునేవాళ్ళం. ఆట మొదలుపెట్టిన రెండో ఆదివారం మా అమ్మాయి ఫిరంగి మూతి నుంచి దారం పట్టి చూస్తూ, "బాపు, గోడ పొంటి ఏడ నిలబడ్డా పక్క బురుజు మీదికెల్లి కనబడుతనే ఉన్నరు" అన్నది. నిజమే. గుండ్రని బురుజైతే దాని మొదట్లో, పైవాళ్ళకూ పక్కవాళ్ళకూ కనపడని మూల ఒకటి మిగులుతుంది. శత్రువు అక్కడ దూరి గోడ తవ్వుతాడు. కోణాలుగా తీర్చిన బురుజుకు ఆ చాటు వుండదు. ప్రతి గోడనూ పక్క బురుజు కాపలా కాస్తుంది. ఎన్నోసార్లు ఆ కోట పక్కనుంచి బస్సులో వెళ్ళిన నాకు తట్టని సంగతి, గజం దారంతో పదేళ్ళ పిల్లకు తెలిసింది.

ఆట

ఇవి మా ఇంటి నియమాలు. మీకు నచ్చినట్టు మార్చుకోండిగాని, మార్పు ఏదైనా ఆటకు ముందే చెయ్యండి, మధ్యలో వద్దు.

వంతులవారీగా ఆడాలి. ఒక్కొక్క వంతులో కాల్బలం ఆరంగుళాలు, గుర్రం పన్నెండు, ఏనుగు ఎనిమిది, ఫిరంగి నాలుగు కదలవచ్చు. కదిలిన వంతులో ఫిరంగి పేలదు.

తుపాకివాడు పన్నెండంగుళాల దాకా, ఫిరంగి ముప్ఫయి అంగుళాల దాకా కొట్టగలవు. ఇద్దరి మధ్య దారం పట్టండి. దారానికి గుట్టో ఇల్లో అడ్డు తగిలితే దెబ్బ లేదు. అడ్డు లేకపోతే పాచిక వెయ్యండి. అయిదుగాని ఆరుగాని పడితే దెబ్బ తగిలినట్టు. అంటే మూడింట ఒకసారి. శత్రువు గోడ చాటున వుంటే ఆరు పడితేనే, ఆరింట ఒకసారి. ఫిరంగి దెబ్బకు ఇద్దరు పోతారు.

చేతికి చేయి తగిలినప్పుడు ఇద్దరూ చెరొక పాచిక వెయ్యాలి. గుర్రానికి ఒకటి, ఏనుగుకు రెండు, మెట్టమీద వున్నవాడికి ఒకటి అదనం. తక్కువ వచ్చినవాడు తప్పుకోవాలి. సమానమైతే మరుసటి వంతులో మళ్ళీ వెయ్యాలి.

ఆరుగురి జట్టులో ముగ్గురు పోయారంటే మిగతావాళ్ళు నిలుస్తారా పరుగెత్తుతారా? దీన్ని మేము గవ్వలతో తేలుస్తాం. పచ్చీసు ఆడే నాలుగు గవ్వలు వెయ్యండి. రెండుగాని అంతకన్న ఎక్కువగాని వెల్లకిలా పడితే నిలుస్తారు. పాచికలో ఆరంకెలకూ సమాన అవకాశం. గవ్వలలో అలా కాదు. నాలుగు గవ్వలు పదహారు విధాలుగా పడవచ్చు. అన్నీ బోర్లా పడేది ఒకే విధం, అన్నీ వెల్లకిలా ఒకే విధం. ఒకటి వెల్లకిలా నాలుగు విధాలు, మూడు వెల్లకిలా నాలుగు, రెండు వెల్లకిలా ఆరు. కాబట్టి సుమారుగా పదహారింట పదకొండుసార్లు జట్టు నిలుస్తుంది. గవ్వకు రెండు వైపులా ఒకే తూకం వుండదు గనుక సుమారు అన్నాను. మీ గవ్వలను వందసార్లు వేసి లెక్కరాసుకోమని పిల్లలకు చెప్పండి. సెలవు రోజు మధ్యాహ్నం గడిచిపోతుంది, లెక్కలూ వస్తాయి.

పది వంతులు ఆట. ముట్టడించేవాళ్ళు నలుగురిని కోటలోపలికి చేర్చగలిగితే గెలుపు. చేర్చలేకపోతే కోటవాళ్ళది. ముట్టడికి ఆరుగురు ఎక్కువ ఇవ్వండి. గోడల విలువ అంతే వుంటుంది.

బాపమ్మ నియమం

ఇదంతా చదివి మీ ఇంట్లో పెద్దవాళ్ళు ఒక ప్రశ్న అడుగుతారు. అడగాలి కూడా. పిల్లలకు నేర్పవలసిన ఆట యుద్ధమేనా?

మా ఇంట్లో అడిగింది మా అమ్మ. నా తమ్ముడు సైన్యంలో వున్నాడు. వాడి ఫోను రెండురోజులు ఆలస్యమైతే మా అమ్మకు అన్నం సహించదు. ఒక ఆదివారం మా మేనల్లుడు ఫిరంగితో ఒక్కదెబ్బకు ఇద్దర్ని పడగొట్టి చప్పట్లు కొడుతూ ఎగిరాడు. పడ్డ బొమ్మలు మంచం కిందికి దొర్లాయి. అమ్మ వాకిట్లోంచి లోపలికి వచ్చి, "సిపాయిలు కూలితే నవ్వెట్లొస్తున్నదిర మీకు?" అన్నది. వాడు, "బొమ్మలే గద అమ్మమ్మా" అన్నాడు. అమ్మ కోప్పడలేదు. మంచం కింది బొమ్మలు రెండూ తీసి, కొంగుతో తుడిచి, "ఎన్ని బొమ్మలు పోయినయో ఎవలన్న లెక్క వెట్టిన్రా?" అని అడిగింది. ఎవరం పెట్టలేదు. ఎవరు గెలిచారో మాత్రం అందరికీ తెలుసు.

ఆనాటి నుంచీ మా ఆటకు ఒక నియమం ఎక్కువైంది. పక్కకు పోయిన బొమ్మను విసిరెయ్యకూడదు. దూది పరచిన పెట్టెలో పడుకోబెట్టాలి. ఆట అయ్యాక గెలిచినవాడు పెట్టె విప్పి, ముందు ఎదుటిపక్షం వాళ్ళను, తరువాత తనవాళ్ళను పైకి లెక్కపెట్టి అందరికీ వినపడేట్టు చెప్పాలి. ఆ తరువాతే ఎవరు గెలిచారన్న మాట. పిల్లలు దీన్ని బాపమ్మ నియమం అంటారు. మేనల్లుడు మాత్రం అమ్మమ్మ నియమమని దిద్దుతాడు.

లెక్క మొదలైన తరువాత ఆట తీరే మారింది. ఏడు వంతుల దాకా మనుషుల్ని గోడమీదికి తోసే మేనల్లుడు, ఇప్పుడు గుట్ట చాటునుంచి తిరిగి వెళ్ళటానికి చూస్తున్నాడు. ఒకప్పుడు చదరంగంలో ఓడిపోతే పలక తిరగేసి వెళ్ళిపోయేవాడు. మొన్న కోట పోగొట్టుకుని కూడా, "మామా, నావి నాలుగే పోయినయి, అది గెల్వనీకె పదకొండు మందిని పోగొట్టుకున్నది" అని తీరిగ్గా పెట్టె సర్దాడు. మా అమ్మాయి ఆ పదకొండు అంకె విని కాసేపు మాట్లాడలేదు.

వెల్స్ కూడా తన పుస్తకం చివర ఇంచుమించు ఈ మాటే అన్నాడు. నేలమీది చిన్న యుద్ధాన్నే సరిగా నడపలేక ఎన్ని తప్పులు చేస్తామో చూచినవాడికి, పెద్ద యుద్ధం ఎంత మూర్ఖమైనదో తెలుస్తుందని ఆయన ఉద్దేశం. పుస్తకం వచ్చిన మరుసటి ఏడాదే, 1914లో, ఐరోపా అంతా నిజమైన యుద్ధంలో పడింది. బొమ్మలాట ఎవరినీ ఆపలేదు. అంతపని దానినుంచి ఆశించకూడదు. కాని లెక్కపెట్టటం అలవాటైన పిల్లవాడు పేపరులో యుద్ధవార్త చదివితే, గెలుపు ఒక్కటే చూచి పేజీ తిప్పడని మాత్రం నమ్ముతున్నాను.

ఆడదగిన కథలను కూడా ఎంచుకోవాలి. మా మేనల్లుడు ఒకసారి నిర్మల్‌లో రాంజీ గోండు కథ ఆడదామన్నాడు. ఇంగ్లీషువాళ్ళనూ నిజామునూ ఎదిరించిన ఆ గోండు వీరుణ్ణీ, ఆయన అనుచరులనూ 1860లో నిర్మల్‌లో మర్రిచెట్టుకు ఉరితీశారు. ఆ చెట్టును వెయ్యి ఉరుల మర్రి అని ఇప్పటికీ చెప్పుకుంటారు. వద్దన్నాను. రెండు పక్షాలకూ గెలిచే వీలూ, ఓడినా లేచి మళ్ళీ పేర్చుకునే వీలూ వున్నప్పుడే అది ఆట. ఉరితాడుకు పాచిక వెయ్యలేం. అలాంటి కథను బల్లమీద పెట్టకుండా, పిల్లల్ని దగ్గర కూర్చోబెట్టుకుని చెప్పాలి. చెప్పాను. ఆ రాత్రి ఆట లేదు.

మొదలుపెట్టేవారికి

ఈ ఆదివారం కట్టె కోసి పన్నెండు ముక్కలు చెయ్యండి. వచ్చే ఆదివారానికి సుద్దపూత, ఆపై ఆదివారానికి రంగులు. పూర్తయిన ఆరుగురితోనే ఒక ఆట ఆడెయ్యండి. దండు మొత్తం తయారయ్యేదాకా ఆగితే పిల్లల ఉత్సాహం చల్లారుతుంది. రెండు పక్షాలకూ రెండు రంగుల తలపాగాలు పెట్టండి, దూరంనుంచే తెలుస్తారు. ఎరుపూ ఆకుపచ్చా కాకుండా పసుపూ నీలమూ మేలు. ఎరుపు ఆకుపచ్చల తేడా తెలియని కళ్ళు కొందరికి వుంటాయి. ఏనుగుకోసం దసరా సెలవుల్లో నిర్మల్ వెళ్ళి రండి. అక్కడ పనివాళ్ళు ఉలి పట్టుకునే తీరు పిల్లలకు కాసేపు చూపించి తీసుకురండి.

అన్నిటికన్న ముందు ఒక ఖాళీ చెప్పుల అట్టపెట్టె వెతికి, లోపల దూది పరచి వుంచుకోండి. మొదటి ఆటనుంచే అది కావలసివస్తుంది.